రక్తం ఇచ్చే ముందు ఒక గంట

నంద్యాలలో రక్తం తీస్తారు. ఊదారంగు మూత ఉన్న చిన్న ట్యూబులో రెండు మూడు మిల్లీలీటర్లు, అంతే. ఆ ట్యూబు కొరియర్‌లో హైదరాబాద్‌కో బెంగళూరుకో పోతుంది. కొన్ని వారాల తర్వాత పది పన్నెండు పేజీల పీడీఎఫ్ వాట్సాప్‌లో దిగుతుంది. ఆళ్లగడ్డలోనో రుద్రవరంలోనో ఆ ఫోను పట్టుకున్న మనిషికి అందులో అర్థమయ్యేది తన పేరు, వయసు, లావు అక్షరాల్లో ఉన్న ‘పాజిటివ్’ అనే ఒక్క మాట. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. తెల్లారితే ఎవరికి చూపించాలో తెలియదు. తెలిసిన మెడికల్ షాపులో చూపిస్తారు, ఇంజనీరింగ్ చదివే పిల్లవాడి చేత గూగుల్‌లో వెతికిస్తారు. పదాలు దొరుకుతాయి గానీ, ‘ఇప్పుడు మనమేం చెయ్యాల’ అన్న ప్రశ్నకు జవాబు మాత్రం దొరకదు.

ట్యూబుకూ పీడీఎఫ్‌కూ నడుమ ఒక మనిషి ఉండాలి. ఆ మనిషే జెనెటిక్ కౌన్సెలర్. రిపోర్టు వచ్చాక చదివిపెట్టే పని ఆమె పనిలో సగం కూడా కాదు. అసలు పని రక్తం తీయకముందే మొదలవుతుంది. చాలా కుటుంబాలు నష్టపోతున్నదీ అక్కడే. పరీక్ష చేయించుకుంటారు, డబ్బు కడతారు, కానీ ఎందుకు చేయించుకుంటున్నామో ఎవరితోనూ మాట్లాడి ఉండరు.

గర్భిణులకు మూడో నెల చివర్లో చేసే డబుల్ మార్కర్ పరీక్షనే తీసుకోండి. రిపోర్టులో ‘డౌన్ సిండ్రోమ్ రిస్క్ 1:180, హై రిస్క్’ అని ఉందనుకుందాం. ఇంట్లో పెద్దవాళ్లకు వినిపించేది ‘హై రిస్క్’ ఒక్కటే. ‘బిడ్డకు బుద్ధిమాంద్యమంట, తీయించేద్దాం’ అనే మాట సాయంత్రానికల్లా వచ్చేస్తుంది. కౌన్సెలర్ అదే అంకెను తిప్పి చెబుతుంది: ‘అమ్మా, సరిగ్గా మీలాంటి రిపోర్టే వచ్చిన నూట ఎనభై మంది గర్భిణులను ఇక్కడ వరసగా కూర్చోబెడితే, వాళ్లలో ఒక్కరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండొచ్చు. మిగతా నూట డెబ్బై తొమ్మిది మంది పిల్లలకు ఉండదు.’ చాలా ల్యాబులు 1:250 దగ్గరో ఆ చుట్టుపక్కలో గీత గీసి, దానికి ఇవతల పడినవన్నీ హై రిస్క్ అంటాయి. ఇది స్క్రీనింగ్. ఎవరికి ఇంకా లోతుగా చూడాలో ఏరే జల్లెడ మాత్రమే. బిడ్డకు నిజంగా ఉందా లేదా అని తేల్చేది మాయ ముక్క తీసి చేసే పరీక్ష, లేదా ఉమ్మనీటి పరీక్ష. తల్లి రక్తంతోనే చేసే నిప్ట్ అనే పరీక్ష డబుల్ మార్కర్ కన్నా చాలా మెరుగైనదే, అయినా అది కూడా స్క్రీనింగే. ఈ తేడా చెప్పేవాళ్లు లేక, ఆరోగ్యంగా ఉన్న గర్భాన్ని భయంతో పోగొట్టుకోవడం కన్నా అన్యాయం ఇంకేముంటుంది?

అమెరికాలో మిన్నెసోటాకు చెందిన షెల్డన్ రీడ్ 1947లో ఈ సేవకు జెనెటిక్ కౌన్సెలింగ్ అని పేరు పెట్టాడు. అంతకు ముందు వంశపారంపర్య జబ్బుల గురించి మాట్లాడినవాళ్లలో చాలామంది ‘ఎవరు పిల్లల్ని కనాలి, ఎవరు కనకూడదు’ అని తీర్పులు చెప్పినవాళ్లే. ఆ ధోరణి ఎంత దూరం పోతుందో రెండో ప్రపంచ యుద్ధంలో లోకం చూసింది. రీడ్ దాన్ని పక్కకు నెట్టి, కుటుంబానికి తెలిసింది చెప్పడం, కష్టంలో తోడుండడం, నిర్ణయం వాళ్లకే వదిలిపెట్టడం అనే పద్ధతి కోరాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని సారా లారెన్స్ కాలేజీలో 1969లో దీనికి పీజీ కోర్సు మొదలైంది. ఈ నేపథ్యం తెలిస్తే ఒక విషయం అర్థమవుతుంది. మంచి కౌన్సెలర్ ‘ఉంచుకోండి’ అనదు, ‘తీయించుకోండి’ అనదు. ‘మీరైతే ఏం చేస్తారు మేడమ్’ అని అడిగినా జవాబు చెప్పదు. చాలామందికి ఇది నచ్చదు. డాక్టరంటే చెప్పాలి, మనం వినాలి అన్నది మనకు అలవాటు. కానీ ఆ బిడ్డను రేపు ఎత్తుకు తిరిగేది ఆ తల్లిదండ్రులు కాబట్టి, నిర్ణయం వాళ్లదే కావాలి.

కాగితం మీద రెండు గీతలు

కౌన్సెలర్ గదిలో ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి ఒక జంట వచ్చిందని ఊహించుకోండి. మొదటి బిడ్డకు పుట్టుకతోనే వినపడదు. రెండో కాన్పుకు ముందు ‘మళ్లీ ఇట్లే అయితదా’ అని తెలుసుకోవాలని వచ్చారు. కౌన్సెలర్ తెల్లకాగితం తీస్తుంది. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం. జబ్బు ఉన్నవాళ్ల గుర్తును నల్లగా నింపుతుంది. భార్యాభర్తల మధ్య ఒక అడ్డగీత. వాళ్లు రక్తసంబంధీకులైతే రెండు గీతలు.

‘అమ్మా, మీకూ మీ ఆయనకూ ముందునుంచీ చుట్టరికం ఉందా?’

‘మా మేనమామే గదా మేడమ్. మా యమ్మకు సొంత తమ్ముడు.’

రెండు గీతలు పడ్డాయి.

‘మరి మీ అమ్మానాన్నలది?’

‘అదీ మేనరికమే. మా అవ్వ మా నాయనకు సొంత మేనత్త.’

పై వరసలో ఇంకో రెండు గీతలు.

‘మీ అమ్మ తోబుట్టువులు ఎంతమంది?’

‘నలుగురు.’

‘పుట్టి పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?’

ఆమె భర్త వైపు చూస్తుంది. ‘ఒక పాప పుట్టి మూడో నెల్లో పోయిందంట. అది లెక్కలోకి రాదులే మేడమ్.’

అదే లెక్కలోకి వస్తుంది. మన ఇళ్లలో పసికందుగా పోయిన పిల్లల పేర్లు ఎవరూ ఎత్తరు. ఫొటో ఉండదు, పుట్టిన తేదీ ఉండదు, పెళ్లి సంబంధాలప్పుడు అసలే చెప్పరు. కానీ వంశవృక్షంలో ఆ చిన్న గుర్తు, పక్కన ‘మూడు నెలలు’ అనే రాత, కొన్నిసార్లు వేల రూపాయల పరీక్ష చెప్పనిది చెబుతుంది. ఏ జన్యువును వెతకాలో దారి చూపిస్తుంది. అందుకే కౌన్సెలర్ దగ్గరికి పోయే ముందు చేయాల్సిన మొదటి పని ఇంట్లోనే ఉంది. జేజినీ అవ్వనూ పక్కన కూర్చోబెట్టుకుని మూడు తరాల చిట్టా రాసుకోవాలి. ఎవరు ఎవర్ని చేసుకున్నారు, ఏ వయసులో ఏ జబ్బుతో పోయారు, ఎవరికి కాన్పులు నిలవలేదు, ఎవరికి నడక ఆలస్యమైంది, ఎవరికి మాటలు రాలేదు. బిడ్డ చనిపోయి పుట్టినా, నెలలు నిండక గర్భం పోయినా రాయాలి. కోవెలకుంట్లలో ఉన్న చిన్నాయనకు, చాగలమర్రిలో ఉన్న పెద్దమ్మకు ఫోన్ చేసి అడగాలి. ఒక పూట పని ఇది. దీనికి ఖర్చు లేదు.

మేనరికాల మీద తెలుగునాట శాస్త్రీయ అధ్యయనం కొత్తదేమీ కాదు. పిఠాపురంలో పుట్టిన పరిశోధకుడు ద్రోణంరాజు కృష్ణారావు, ప్రసిద్ధ జన్యు శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి ఇండియాకు వచ్చేశాక ఆయన దగ్గర పనిచేశాడు. పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు ఎంత ఎక్కువగా ఉన్నాయి, వాటి ప్రభావం ఏమిటి అని పరిశోధించి 1963లో ప్రచురించాడు. అరవై ఏళ్లు గడిచాయి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈనాటికీ ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు ప్రతి నాలుగు పెళ్లిళ్లలో ఒకటి రక్తసంబంధీకుల మధ్యే జరిగింది. దేశం మొత్తం మీద చూస్తే అది పదిలో ఒకటికి కాస్త పైన.

అసలు లెక్క ఇది. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటాయి. బావామరదళ్లకు ఎనిమిదో వంతు. ఏ చుట్టరికమూ లేని జంటకు పుట్టే పిల్లల్లోనూ నూటికి ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక పెద్ద లోపం ఉంటుంది. బావామరదళ్ల పిల్లల్లో ఆ సంఖ్య సుమారుగా రెట్టింపవుతుంది. మేనమామ పెళ్లిలో ఇంకొంచెం ఎక్కువ. రెండు మూడు తరాలు వరసగా మేనరికాలే అయితే మరింత పెరుగుతుంది. అంటే మేనరికం చేసుకున్న జంటల్లో ఎక్కువమందికి ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు. ‘మేనరికమా, ఇంక అయిపోయింది’ అని భయపెట్టేవాళ్లు చెప్పేదీ నిజం కాదు, ‘మా తాతలనాటి నుంచీ చేసుకుంటున్నాం, ఏమైంది’ అనేవాళ్లు చెప్పేదీ పూర్తి నిజం కాదు. ఏ కుటుంబానికి ఆ కుటుంబం లెక్క వేరు. ఆ లెక్క వేసేదే కౌన్సెలర్.

మత్తు డాక్టరు అడిగే ప్రశ్న

మేనరికం మానేస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయని అనుకోవడం కూడా తొందరపాటే. దీనికి తెలుగునేలే మంచి ఉదాహరణ ఇచ్చింది.

ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో గొట్టం వేయడానికి కండరాలను కొన్ని నిమిషాలు వదులు చేసే మందు ఒకటుంది. సక్సినైల్‌కోలిన్ దాని పేరు, ఆసుపత్రుల్లో స్కోలిన్ అంటారు. రక్తంలో ఉండే బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని చకచకా విరగ్గొట్టేస్తుంది కాబట్టి అయిదు పది నిమిషాల్లో మనిషి మళ్లీ సొంతంగా ఊపిరి తీసుకుంటాడు. ఆ ఎంజైము పుట్టుకతోనే లేనివాళ్లకు అదే మందు గంటల తరబడి దిగదు. ఆపరేషన్ అయిపోయినా కండరాలు కదలవు, ఊపిరి ఆడదు. వెంటిలేటర్ మీద ఉంచి కనిపెట్టుకుని ఉంటే ప్రమాదం ఏమీ లేకుండా బయటపడతారు. చిన్న నర్సింగ్ హోమ్‌లో, ముందు తెలియకుండా జరిగితే ప్రాణం మీదికి రావచ్చు. ఆ మందు జోలికి పోనంత కాలం ఆ మనిషికి రోజువారీ జీవితంలో ఏ ఇబ్బందీ ఉండదు. ఆకలి, నిద్ర, కష్టం చేసే శక్తి, ఆయుష్షు అన్నీ మామూలే.

ఈ ఎంజైము లోపం ఆర్యవైశ్యుల్లో ఇతరుల కన్నా సుమారు వంద రెట్లు ఎక్కువగా కనిపిస్తుందని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. ఎందుకన్నది హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్, అమెరికాలో హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి చేసిన పరిశోధనల్లో వివరంగా తేలింది. 2009లో ‘నేచర్’ పత్రికలోనూ, 2017లో ‘నేచర్ జెనెటిక్స్’లోనూ అవి వెలువడ్డాయి. వేల ఏళ్ల కిందట కొద్దిమందితో మొదలైన సమూహం, తరతరాలుగా తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ లక్షల మందిగా పెరిగింది. ఆ కొద్దిమందిలో ఏ ఒక్కరిలోనో ఉన్న మార్పు ఇప్పుడు వేలమందిలో ఉంది. ఆర్యవైశ్యులు గోత్రం చూసుకునే పెళ్లి చేస్తారు. స్వగోత్ర నిషేధం తండ్రివైపు దగ్గరితనాన్ని ఆపుతుంది గానీ, అంత పాత ఉమ్మడి మూలాన్ని ఆపలేదు. 2017 పరిశోధనలో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో ఇలాంటి గట్టి ఆనవాళ్లు దొరికాయి. కనుక ఇది ఏ ఒక్క కులానికో అంటగట్టాల్సిన మచ్చ కాదు. లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకునే సమూహాలన్నిటికీ ఇలాంటి లోపాల సొంత జాబితా ఉంటుంది. వైశ్యుల్లో ఇది ముందుగా కనిపెట్టారు, అంతే.

నంద్యాల, ఆళ్లగడ్డ లాంటి వ్యాపార పట్టణాల్లో ఈ సమాచారం ఎంత పనికొస్తుందో ఆలోచించండి. రోగి లోపలికి పోయే ముందు మత్తు డాక్టరు వచ్చి, ‘మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మెలకువ బాగా ఆలస్యమైందా? మిషన్ మీద పెట్టాల్సి వచ్చిందా?’ అని అడుగుతాడు. చాలామంది ‘అట్లాంటిదేం లేదు సార్’ అనేస్తారు. పదేళ్ల కిందట పెద్దనాయనకు హెర్నియా ఆపరేషన్ అప్పుడు ఏమైందో ఆ క్షణంలో గుర్తుకు రాదు. ముందే తెలిస్తే జాగ్రత్త తేలిక. స్కోలిన్ బదులు వేరే మందు వాడతారు. పరీక్ష కూడా అందని పండేమీ కాదు. పురుగుమందు తాగి వచ్చినవాళ్లకు ఎంత విషం ఎక్కిందో చూడడానికి రాయలసీమ ఆసుపత్రుల్లో ఎప్పటినుంచో చేయిస్తున్న సీరం కోలినెస్టరేజ్ పరీక్ష కొలిచేది ఈ ఎంజైమునే. పొలాల విషం కోసం అలవాటైన పరీక్షే ఇక్కడ ఆపరేషన్ బల్ల మీద ఒకరిని కాపాడుతుంది. అది తక్కువగా వస్తే జన్యు పరీక్షతో నిర్ధారించుకోవచ్చు. ఆ తర్వాత కౌన్సెలర్ అడిగే ప్రశ్న ఒకటే: ‘మీ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఎక్కడున్నారు? వాళ్లకు చెప్పారా?’ ఒకే తల్లిదండ్రుల పిల్లలకు ఇదే లోపం ఉండే అవకాశం నాలుగింట ఒకటి.

‘ఒకసారి వచ్చిందిగా, ఇంక రాదు’

ఆ ‘నాలుగింట ఒకటి’ దగ్గరే అతి పెద్ద అపోహ ఉంది. భార్యాభర్తలిద్దరూ ఒకే జన్యు లోపానికి క్యారియర్లయితే, అంటే ఇద్దరిలోనూ ఒక్కో చెడ్డ ప్రతి, ఒక్కో మంచి ప్రతి ఉంటే, బిడ్డకు రెండు చెడ్డవీ చేరే అవకాశం నూటికి ఇరవై అయిదు. ఇది విన్న తల్లి, ‘ఒక బిడ్డకు వచ్చింది, ఇంక ముగ్గురికి రాదు’ అని లెక్క వేసుకుంటుంది. అనుభవమున్న కౌన్సెలర్లు ఇక్కడ మాటలు ఆపి రెండు రూపాయి బిళ్లలు తీస్తారు. ఇద్దరి చేతుల్లో ఒక్కోటి పెట్టి ఒకేసారి ఎగరేయమంటారు. రెండూ బొరుసు పడితే జబ్బు. ఒకసారి రెండూ బొరుసు పడ్డాక మళ్లీ ఎగరేస్తే? బిళ్లలకు పాత ఆట గుర్తుండదు. ప్రతి కాన్పుకూ అదే నాలుగింట ఒకటి. అయిదారు సార్లు ఎగరేసేసరికి మొగుడూ పెళ్లాలిద్దరి ముఖాల్లో అర్థమైన సంగతి కనపడుతుంది.

ఇదే వివరణ ఇంకో పని కూడా చేస్తుంది. లోపమున్న బిడ్డ పుట్టిన ప్రతి ఇంట్లోనూ వేలు కోడలి వైపే లేస్తుంది. ‘మా వంశంలో లేదమ్మా ఇది’ అంటుంది అత్త. తలసేమియా, పుట్టు చెవుడు లాంటి వాటిలో చాలామటుకు ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు అవుతుంది. అత్తగారిని కూడా కౌన్సెలింగ్‌కు రమ్మని పిలవడం ఇందుకే.

ఆడవాళ్ల నుంచి మగపిల్లలకు వచ్చే జబ్బుల్లో ఈ మాట మరీ జాగ్రత్తగా చెప్పాలి. డుషేన్ కండరాల క్షీణతలో పిల్లవాడు మూడు నాలుగేళ్లకు తరచూ పడిపోతాడు, మెట్లెక్కలేడు, కింద నుంచి లేవాలంటే తన తొడల మీద చేతులు పెట్టుకుని పాకినట్టు లేస్తాడు. తల్లి క్యారియర్ అయితే అది ఆమె నుంచే వస్తుంది. కానీ సుమారు మూడింట ఒక వంతు పిల్లల్లో ఆ మార్పు ఆ బిడ్డలోనే కొత్తగా పుడుతుంది, తల్లి రక్తంలో ఉండదు. పరీక్ష చేయకుండా ‘నీ వల్లే’ అనే హక్కు ఎవరికీ లేదు. క్యారియర్ అని తేలినా అది ఆమె చేసిన తప్పు కాదు. కౌన్సెలర్ ఆ మాటను భర్త ఎదుట, అత్త ఎదుట గట్టిగా చెబుతుంది. చాలామంది తల్లులు గదిలో ఏడ్చేది సరిగ్గా ఆ నిమిషంలోనే. ఆ తర్వాత పెళ్లి కావాల్సిన అక్కచెల్లెళ్ల గురించి మాట మొదలవుతుంది. వాళ్లు పరీక్ష చేయించుకోవాలా, ఎప్పుడు చేయించుకోవాలి, ఆ ఫలితం ఎవరికి చెప్పాలి అన్నది వాళ్ల ఇష్టం.

రక్తం ఇచ్చే ముందు

పరీక్షకు ఒప్పుకునే ముందు ఎవరైనా సరే, తమను తాము ఒకటి అడగాలి. ఫలితం వచ్చాక మన ఇంట్లో ఏం మారుతుంది? ఏమీ మారకపోతే ఆ డబ్బు దాచుకోవచ్చు. మారుతుందంటే ఏది మారుతుందో ముందే మాట్లాడుకోవాలి: మందా, తర్వాతి కాన్పా, చెల్లెలి పెళ్లా?

ఎవరిని ముందు పరీక్షించాలన్నది రెండో సంగతి. జబ్బు ఉన్న మనిషినే ముందు. బిడ్డను పక్కన పెట్టి తల్లిదండ్రుల్లో వెతకడం మొదలుపెడితే డబ్బు పోతుంది, జవాబు రాదు. ఒక కఠినమైన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బిడ్డ పరిస్థితి విషమంగా ఉంటే, ఎంత కష్టమైనా సరే, ఆ ఊదారంగు ట్యూబులో కాస్త రక్తం తీయించి డీఎన్‌ఏ భద్రపరిచే ఏర్పాటు చేయమని డాక్టరును అడగాలి. బిడ్డ పోయాక జబ్బు పేరు తెలియకుండా మిగిలిపోతే, తర్వాతి కాన్పులో ఏం వెతకాలో ఎవరికీ తెలియదు. కడుపుకోతలో ఉన్న తల్లిదండ్రులకు ఈ ఆలోచన రాదు. వాళ్ల పక్కనున్న మేనమామో చిన్నాయనో గుర్తు చేయాలి.

మూడోది, ఫలితం ‘ఉంది’, ‘లేదు’ అని రెండు రకాలుగానే వస్తుందనుకోకూడదు. ‘వేరియంట్ ఆఫ్ అన్‌సర్టెన్ సిగ్నిఫికెన్స్’ అని ఒకటి వస్తుంది. జన్యువులో తేడా కనపడింది గానీ అది హాని చేస్తుందో లేదో ఇప్పటి జ్ఞానంతో చెప్పలేం అని దాని అర్థం. దాన్ని పట్టుకుని గర్భం తీయించుకోవడం, పెళ్లి ఆపుకోవడం చేయకూడదు. ప్రపంచ జన్యు సమాచారం ఎక్కువగా తెల్లజాతి వాళ్ల నుంచి సేకరించింది కావడంతో మనవాళ్ల రిపోర్టుల్లో ఇవి ఎక్కువగా వస్తుంటాయి. పదివేల మంది భారతీయుల జన్యుపటాలతో జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఇలాంటివి పెరిగేకొద్దీ ఈనాటి ‘తెలియదు’లు కొన్ని రేపు ‘హాని లేదు’గా మారతాయి. అందుకే రిపోర్టు పారేయకూడదు. రెండు మూడేళ్లకొకసారి, లేదా మళ్లీ గర్భం అనుకున్నప్పుడు, దాన్ని తిరిగి చదివించుకోవాలి.

అన్నిటికన్నా మించి, కాలం. మాయ ముక్క పరీక్ష 11 నుంచి 14 వారాల మధ్య, ఉమ్మనీటి పరీక్ష 16 వారాల తర్వాత చేస్తారు. ఫలితానికి ఇంకా రెండు మూడు వారాలు. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల వరకూ అవకాశం ఇస్తుంది. ఆపైన బిడ్డకు తీవ్ర లోపం ఉంటే మెడికల్ బోర్డు నిర్ణయించాలి. అయిదో నెల స్కానింగ్‌లో ఏదో కనపడి అప్పుడు పరుగు మొదలుపెడితే, ఆలోచించుకునే వ్యవధి మిగలదు. మొదటి బిడ్డకు జబ్బు ఉన్నవాళ్లు, వరుస మేనరికాల ఇళ్లవాళ్లు గర్భం దాల్చకముందే కౌన్సెలింగ్‌కు పోవడం మంచిది. పోయినప్పుడు మాత్రం ‘ఆడా మగా’ అని అడగకూడదు. జెనెటిక్ కౌన్సెలింగ్ కేంద్రాలు కూడా లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్టర్ కావాల్సినవే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నేరం.

ఎక్కడికి పోవాలి

అన్నిటికీ హైదరాబాద్ బస్సు ఎక్కనవసరం లేదు. తలసేమియా క్యారియర్లను పట్టుకోవడానికి మొదటి మెట్టు మామూలు రక్తపరీక్ష. అందులో ఎర్రకణాల సైజు చిన్నగా ఉంటే, హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షతో హిమోగ్లోబిన్ ఎ2 చూస్తారు. అది 3.5 శాతం దాటితే తలసేమియా క్యారియర్ అని అనుమానించాలి. చిన్న కణాలు కనపడగానే ‘రక్తం తక్కువుంది’ అని ఐరన్ మాత్రలిచ్చి పంపేయడం చాలా చోట్ల జరిగే పొరపాటు. గర్భిణి క్యారియర్ అయితే భర్తకు వెంటనే పరీక్ష చేయాలి. భర్త క్యారియర్ కాకపోతే బిడ్డకు తలసేమియా మేజర్ భయం దాదాపు లేనట్టే. సైప్రస్ దేశం 1970ల నుంచి పెళ్లికి ముందే ఇలా పరీక్షించి, కొత్తగా తలసేమియాతో పుట్టే పిల్లల సంఖ్యను దాదాపు సున్నాకు తెచ్చింది. అక్కడ చర్చి కూడా పెళ్లికి ముందు పరీక్ష చేయించుకున్న కాగితం అడిగింది. ఫలితం ఏమిటో అడగలేదు, చేయించుకున్నారా అని మాత్రమే అడిగింది. క్యారియర్లు అని తెలిసిన జంటల్లో చాలామంది పెళ్లి మానుకోలేదు, కాన్పుల విషయంలో జాగ్రత్తపడ్డారు. మన కుల సంఘాల వివాహ పరిచయ వేదికల్లో ఎత్తు, జీతం, నక్షత్రం రాసుకుంటారు. ఒక్కో యువకుడూ యువతీ తన రక్తపరీక్ష తన దగ్గరే ఉంచుకుని, సంబంధం ఖాయమయ్యే ముందు ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గర కూర్చునే పద్ధతి పెట్టుకుంటే ఎవరి పరువూ పోదు.

నంద్యాలలో శాంతిరామ్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, కర్నూలులో 1950ల నాటి పెద్ద కాలేజీ ఉంది. పిల్లల డాక్టరు, కాన్పుల డాక్టరు దగ్గర మొదలుపెట్టడం సరైన దారి. అక్కడ అనుమానం గట్టిపడితే పైకి పోవాల్సింది హైదరాబాద్‌కు. పంజాగుట్టలోని నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీతో కలిపి దాన్ని అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద కేంద్రం ఎంపిక చేసింది. ఆ విధానంలోకి వచ్చే జబ్బులకు ఇలాంటి కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల దాకా సాయం అందే వీలుంది. బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యు వ్యాధుల ఆసుపత్రి ఉంది. నంద్యాల నుంచి సుమారు 300 కిలోమీటర్లు, రాత్రి బస్సులో పోయి పొద్దున్నే ఓపీ చీటీ రాయించుకోవాలి. సంచిలో ఉండాల్సినవి: మూడు తరాల చిట్టా, పాత రిపోర్టులు, స్కానింగ్ కాగితాలు, బిడ్డ చిన్నప్పటి ఫొటోలు, నడక ఎలా ఉందో చూపే ఫోను వీడియో. పోయేది ఒక్కరు కాకుండా భార్యాభర్తలిద్దరూ అయితే మంచిది. ఒకరు విన్నది ఇంకొకరు మర్చిపోయినా నష్టం ఉండదు.

కౌన్సెలర్ పని రోగనిర్ధారణతో ఆగదు. తలసేమియా, హిమోఫీలియా, సికిల్ సెల్, కండరాల క్షీణత, ఇవన్నీ 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఉన్నాయి. సర్టిఫికెట్ తీసుకుంటేనే ఆ హక్కులు అందుతాయి. తీవ్రమైన కండరాల క్షీణతతో మంచాన పడ్డవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. ఇది తెలియక ఏళ్ల తరబడి అప్పులు చేసే ఇళ్లున్నాయి. ఆరోగ్య బీమా కంపెనీ ‘ఇది జన్యు సంబంధ జబ్బు’ అనే ఒక్క కారణంతో క్లెయిమ్ తిరగ్గొడితే ఊరుకోనవసరం లేదు. అలాంటి మినహాయింపు వివక్షేనని 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది, ఆ వెంటనే మార్చిలో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు ఆదేశాలిచ్చింది.

చివరగా వచ్చే సమస్య ఇంటివాళ్లకు చెప్పడం. ఆళ్లగడ్డలాంటి ఊళ్లో ఒక ఇంటి సంగతి బజారు దాటడానికి పొద్దు పట్టదు. ఆడపిల్లల పెళ్లిళ్లు చెడతాయన్న భయం ఉత్తది కాదు, దాన్ని తీసిపారేయకూడదు. అందుకే కౌన్సెలర్లు బంధువుల కోసం విడిగా ఒక ఉత్తరం రాసిస్తారు. అందులో రోగి పేరు ఉండనక్కర్లేదు. ‘మీ కుటుంబంలో ఫలానా జన్యు మార్పు ఉంది, మీరు కోరుకుంటే ఈ పరీక్ష చేయించుకోవచ్చు, సంప్రదించాల్సిన ఆసుపత్రి ఇది’ అని మాత్రమే ఉంటుంది. దాన్ని పెళ్లి ఈడు పిల్లలకే కాక, ఈ నెలలో ఆపరేషన్ ఉన్న మామకూ, మూడో నెల గర్భంతో ఉన్న చిన్నమ్మ కూతురికీ ముందుగా అందేలా చూడాలి. వాళ్లు చదివి పక్కన పెట్టినా పెట్టొచ్చు, అది వాళ్ల హక్కు. మత్తుమందు విషయమైతే మాత్రం ఒక నకలు ఆధార్ కార్డుతో పాటు పర్సులో ఉండాలి. స్పృహలేని స్థితిలో ఏ ఊరి ఆసుపత్రికి మోసుకుపోయినా, జేబులు వెతికినప్పుడు అక్కడి మత్తు డాక్టరు కంట అది పడేలా.